మళ్ళొస్త, మీరుంటరు గదా

మా నాన్న గని కంపెనీ ప్రజాసంబంధాల విభాగంలో చిన్న ఉద్యోగి. బస్తర్ కొండల్లోని కిరండూల్ క్వార్టర్సులో మా ఇంటి ముందు గదే ఆయనకు రెండో ఆఫీసు. పెద్దలు వస్తే స్వాగతపత్రం, భద్రతా వారోత్సవాలకు నోటీసు, పదవీ విరమణలకు సన్మానపత్రం, పత్రికలకు పంపే వార్త, ఏదైనా సరే ఆయన చిత్తు రాసేవారు, నేను సాపు రాసేదాన్ని. చిన్నతనంలో కీళ్ళజ్వరం వచ్చి గుండె బలహీనపడిందని నన్ను బడికి పంపలేదు. వంటింట్లో అమ్మ చదివించిన రామాయణం, ముందు గదిలో నాన్న రాయించిన నోటీసులు, అదే నా చదువు. తెలుగు, హిందీ రెండూ అక్కడే వచ్చాయి. దాన్ని తక్కువని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రెండు గదుల్లో దొరికినదానికి ఈ జన్మంతా దణ్ణం పెట్టుకున్నా తీరదు.

నాన్న చెప్పే పాఠాలు వేరుగా ఉండేవి. "నోటీసు చదివేవాడు నిలబడి చదువుతాడమ్మా. వాడి కాళ్ళు నొప్పి పుట్టేలోగా మనం చెప్పెయ్యాలి" అనేవారు. గని గేటు దగ్గర కాగితాలు పంచాల్సి వస్తే డ్యూటీ దిగేవాళ్ళకు ఇవ్వొద్దనేవారు. వాళ్ళ కళ్ళు అప్పటికే ఇంటికి వెళ్ళిపోయి ఉంటాయట. ఎక్కేవాళ్ళకిస్తే లోపల టీ తాగేటప్పుడు పదిమందికి చూపిస్తారు. విలేకరికి వార్త పదకొండింటిలోపు అందాలి. వీటన్నిటికంటే గట్టిగా చెప్పిన మాట ఇంకొకటుంది. సాయం అడుగుతూ ఒక కాగితం రాస్తే, సాయం అందిందని చెబుతూ ఇంకో కాగితం రాయాలి. ఆ రెండోది రాసే ఓపిక లేనివాళ్ళు మొదటిదాని జోలికి పోకూడదు.

నాన్న పోయాక ఆ విద్యతో నాకు పెద్దగా పని పడలేదు. పెళ్ళై వెళ్ళింది కూడా అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల క్వార్టరుకే. వినాయక చవితి పందిరికి చందా అడిగే కాగితం రాసిపెట్టడం తప్ప కలం తీసే అవసరం రాలేదు. ఏళ్ళ తర్వాత ఒక సాయంత్రం డాక్టరుగారు వచ్చి మా వసారాలో కూర్చున్నారు.

ఆయన మా టౌన్‌షిప్పులోనే పనిచేసి రిటైరయ్యారు. సొంతూరికి వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయి, లోపలి పల్లెల్లో సికిల్‌సెల్ జబ్బున్న పిల్లల కోసం చిన్న సంస్థ పెట్టారు. రక్తకణాలు కొడవలిలా వంగిపోయి రక్తనాళాల్లో ఇరుక్కునే జబ్బది. వాన, చలి, జ్వరం, ఏదొచ్చినా ఒళ్ళంతా నొప్పులు లేస్తాయి, రక్తం పడిపోతుంది. అప్పుడు బయటి రక్తం ఎక్కించాలి. సంస్థ అంటే ఆస్పత్రి వెనక రెండు గదులు, వచ్చినవాళ్ళకు వండిపెట్టే ఒకామె, డాక్టరుగారి పాత స్కూటరు. అంతే. ఎక్కించడానికి రక్తం ఇచ్చేవాళ్ళు లేరు.

ఆస్పత్రి గోడ మీద ఆయన స్వయంగా రాసి అంటించిన నోటీసు ఉండేది. "మానవతా దృక్పథంతో యావన్మంది ప్రజలు" అని మొదలై కిందివరకు ఎక్కడా ఆగేది కాదు. "ఒక్కరూ రావడం లేదమ్మా. మీ నాన్నగారుంటే ఏం చేసేవారో అది చెయ్యండి" అన్నారు. మర్నాడు వెళ్ళి చదివాను. నిజంగానే కాళ్ళు నొప్పి పుట్టాయి.

నేను చెప్పబోయే పిల్లను మొదటిసారి చూసింది ఆ రోజే, ఆస్పత్రి వెనక ఆ గదుల్లోనే. పదిహేనేళ్ళుంటాయని తల్లి చెప్పింది కానీ చూస్తే పన్నెండు అనిపిస్తుంది. మా పక్క జిల్లా బీజాపూర్ అవతల రోడ్డు దిగి, వాగు దాటి నడిస్తే వచ్చే దోర్ల గిరిజనుల పల్లె వాళ్ళది. తండ్రి లేడు. తల్లి కాస్త వరి పండించుకుని, ఇప్పపువ్వూ తునికాకూ ఏరి బతికే మనిషి. పిల్ల ఆశ్రమ పాఠశాలలో ఉండి చదివేది, నొప్పులు తట్టుకోలేక మానేసింది. దాని గ్రూపు రక్తం అరుదు. బీజాపూర్‌లో దొరక్కపోతే జీపులో, బస్సులో, మళ్ళీ ఇంకో బస్సులో ఇక్కడికి చేరారు.

నేను మంచం పక్కన కూర్చుని ఎలా ఉందని అడిగాను. పిల్ల నా మొహంలోకి చూసి, తల్లివైపు తిరిగి, "ఈ పెద్దమ్మ మాట్లాడితే పూజ చేసినట్టుందే" అంది. తల్లి కసిరింది. నాకు నవ్వొచ్చింది. వాళ్ళ తెలుగు వేరు, మా క్వార్టర్సు తెలుగు వేరు. మూడు రోజుల్లో నా మాట అచ్చుగుద్దినట్టు అనుకరించి వంటామెను నవ్వించేది. నొప్పి లేచినప్పుడు మాత్రం ఒక్క మాటా ఉండేది కాదు. పళ్ళు బిగించి గోడకేసి తిరిగేది. అరవొచ్చు కదమ్మా అంటే, అరిస్తే పక్క మంచం మీది చిన్నపిల్లాడు భయపడతాడంది.

ఊరు మొత్తంలో డాక్టరుగారికి తెలిసిన ఆ గ్రూపు మనిషి ఒక్కడే. గనిలో డంపరు నడిపే శ్రీకాకుళం అతను. అంత బండిని కొండ మీద వెనక్కి తిప్పే మనిషికి సూదంటే భయం. కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోనాదేటండి?" అని అడుగుతూనే ఇచ్చాడు. మర్నాడు డ్యూటీకి వెళ్తూ పిల్లను చూడ్డానికి వచ్చాడు.

"ఏటమ్మడూ, నా నెత్తురెలాగుంది?"

"నీ నెత్తురెక్కినప్పటి సంది నాకు చాపలు తినబుద్ధయితాంది మామా."

అతను ఆస్పత్రి అదిరిపోయేట్టు నవ్వాడు. తర్వాత ఊరికి వెళ్ళొచ్చినప్పుడు విశాఖ రైల్లో ఎండుచేపల పొట్లం పట్టుకొచ్చాడు. దాని వాసనకు వంటామె పొట్లాన్ని వసారాలో వేలాడదీసింది. పిల్ల దాన్ని చూసుకుంటూ అన్నం ఎక్కువ తిన్నది. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా అతను పొట్లం తేవడం, ఈ పిల్ల సముద్రం ఎట్లుంటదని అడగడం అలవాటైపోయింది. నేనొక రైలు చూపించి, అది ఎక్కితే ఆఖరి ఊళ్ళో సముద్రమేనని చెప్పాను. నొప్పులు తగ్గినంక పోదామంది.

తల్లీపిల్లా మొదటిసారి ఊరికి బయల్దేరినప్పుడు బస్టాండు దాకా వెళ్ళాను. డాక్టరుగారూ డంపరాయనా కూడా ఉన్నారు. తల్లి బుట్ట నెత్తికెత్తుకుని ముందెక్కింది. పిల్ల మెట్టు మీద ఆగి మా ముగ్గురినీ చూసి, "మళ్ళొస్త. మీరుంటరు గదా" అంది. బతిమాలినట్టు లేదు. చుట్టాలింటి నుంచి బయల్దేరుతూ అనే మాటలా అంది.

నాకు కావలసిన కాగితం నాకు దొరికింది.

ఒక మొహం, ఒక మాట. నాన్న అయితే ఇంతకంటే పెట్టనివ్వరు. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు తల్లిని అడిగాను, పిల్ల ఫోటో కాగితం మీద వేస్తే పరవాలేదా అని. ఆ వైపు పల్లెల్లో అచ్చు కాగితం ఇంట్లో ఉంటే అటు అన్నలో ఇటు పోలీసులో అనుమానిస్తారని జంకిన రోజులు చూసిన మనిషి ఆమె. అయినా, "ఫోటో ఇస్తే నెత్తురిచ్చేటోళ్ళు దొరుకుతరా అక్కా?" అంది. దొరుకుతారనే అనుకుంటున్నానన్నాను. ఆమె పిల్ల తలకు నూనె రాసి దువ్వి, తన మెడలోని పూసలు తీసి వేసింది. చినుకులు పడుతున్నాయి. పిల్ల నా గొడుగు తీసుకుని తెరిచి భుజం మీద పెట్టుకుంది. ఫోటో అయ్యాక ఆ గొడుగు నాకు తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు.

ఫోటో కింద పిల్ల మాటే వేశాను. మళ్ళొస్త. మీరుంటరు గదా. ఆ కింద చిన్న అక్షరాల్లో, ప్రతి నెలా మొదటి ఆదివారం, ఆస్పత్రి వరండా. ఇంకేమీ లేదు. డాక్టరుగారు చూసి, "తెలుగు కాస్త సరిచెయ్యాలేమోనమ్మా, వస్తాను, ఉంటారు కదా అని" అన్నారు. వద్దన్నాను. పిల్ల ఎలా అన్నదో అలాగే ఉండాలన్నాను. హిందీవాళ్ళ కోసం హిందీలో వేరే కాగితం వేశాం. తల్లికి మాత్రం తెలుగుదే ఒకటి ఇచ్చాను. అది వాళ్ళ మాట కదా. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది.

తర్వాత నాన్న చెప్పినట్టే చేశాను. గేటు దగ్గర డ్యూటీ ఎక్కేవాళ్ళకే ఇచ్చాను. గుడిలో, చర్చిలో, గురుద్వారాలో చదివించాను. హిందీ పత్రిక విలేకరిని ఇంటికి పిలిచి ఉప్మా పెట్టి, పేదపిల్ల, దీనగాథ అని రాయొద్దని, గొడుగు పట్టుకున్న పిల్ల అని రాయమని చెప్పాను. అలాగే రాశాడు. మొదటి ఆదివారం వరండాలో నలుగురు. ఆ తర్వాత కుర్చీలు చాలలేదు. భార్యాభర్తలు కలిసి వచ్చేవారు. ఆ అరుదైన గ్రూపువాళ్ళు ఇంకో ముగ్గురు బయటపడ్డారు. ఊళ్ళో ఎవరు కనబడినా గొడుగు పిల్ల ఎలా ఉందని అడిగేవారు. రక్తం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ నా చేత్తో కార్డు రాసేదాన్ని. సాయంత్రం రాముడి పటం ముందు దీపం పెట్టి, నాన్నకీ దేవుడికీ కలిపి ఒకే దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టాయి. కొండ మీద నుంచి ఎర్ర నీళ్ళు వీధుల్లోకి దిగేవి. ఒక ఉదయం ఆ పిల్ల మేనమామ ఫోను చేశాడు. వాళ్ళ పల్లెలో సిగ్నలు లేదు, గుట్టెక్కి మాట్లాడాలి. మాట తెగుతూ తెగుతూ వచ్చింది. "బిడ్డకు నొప్పి బాగ లేచిందమ్మా. కండ్లు పచ్చగైనయి. మంచం మీదేసుకుని బయలెల్లినం. డాక్టరుతోని చెప్పు."

చెప్పాను. నా ఫోనులోని వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఒక్కటే సందేశం పంపాను: గొడుగు పిల్ల వస్తోంది. అంతే రాశాను. ఇంతకంటే రాయక్కర్లేదని నాకు తెలుసు.

గంటలోపు వరండా నిండింది. రెయిన్‌కోట్లతో, తడిసిన గొడుగులతో, డ్యూటీ మార్పించుకున్నవాళ్ళు, పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చిన ఆడవాళ్ళు. గ్రూపు కలవనివాళ్ళు కూడా వచ్చారు. కలవదు కదండీ అంటే, "తెలుసు, ఊరికే ఉందామని" అన్నాడొకాయన. డంపరాయన అందరికంటే ముందే వచ్చి పొట్లం కిటికీలో పెట్టాడు. ఈసారి అడక్కుండానే చెయ్యి చాచి, కళ్ళు మూసుకోకుండా ఇచ్చాడు. సంచి నింపి ఫ్రిజ్జులో పెట్టారు. డాక్టరుగారు నా దగ్గరకొచ్చి, వరండావైపు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

నేను అలవాటు కొద్దీ పదకొండింటిలోపు విలేకరికి నాలుగు వాక్యాలు పంపాను. వాటితోపాటు వరండా ఫోటో ఒకటి. ఆ తర్వాత ఒక మూల నిలబడి దేవుడికి చెప్పుకున్నాను. నాన్న నేర్పిన పని ఇన్నాళ్ళకు ఒక ప్రాణం దగ్గరికి చేర్చావు స్వామీ, చాలు, అన్నాను. అంత నిండుగా నేనెప్పుడూ దణ్ణం పెట్టలేదు. ఇప్పుడు ఆ మూల వైపు వెళ్ళను.

మధ్యాహ్నం బస్సులో రాలేదు. సాయంత్రం బస్సులోనూ రాలేదు. ఫోను చేస్తే మోగడం లేదు. జనం కూర్చున్నారు. ఎవరో టీ తెప్పించారు. చీకటి పడుతుంటే ఒక్కొక్కరే లేచి, పిల్ల రాగానే ఫోను చెయ్యమని చెప్పి వెళ్ళారు. డంపరాయన పొట్లం అక్కడే వదిలి, పొద్దున తినిపించమన్నాడు.

పొద్దున పత్రిక వచ్చింది. ఊరంతా కదిలిందని పెద్ద అక్షరాలతో శీర్షిక, కింద నేను పంపిన వరండా ఫోటో. అది చేతిలో ఉండగానే మేనమామ ఫోను వచ్చింది.

వాగు పొంగింది. మంచానికి బొంగు కట్టి భుజాల మీద మోసుకొచ్చినవాళ్ళు ఒడ్డున ఆగిపోయారు. అవతల రోడ్డు కనిపిస్తూనే ఉంది. నీళ్ళు తగ్గితే దాటుదామని చెట్టు కింద మంచం దించారు. మధ్యాహ్నం దాటాక, మేమంతా ఇక్కడ బస్సు కోసం చూస్తున్న వేళకే, పిల్ల పోయింది.

ఫ్రిజ్జులో ఉన్న రక్తం రెండో రోజు కాన్పు కష్టమైన ఒకామెకు పనికొచ్చింది. తల్లీ బిడ్డా బాగున్నారని నర్సు వచ్చి చెప్పింది. దానికి కృతజ్ఞత చెప్పుకోవాలని నాకు తెలుసు. దీపం ముందు కూర్చున్నాను. నోరు పెగల్లేదు. దేవుడి ముందు మాట రాకపోవడం నాకదే మొదలు.

ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ కార్డులు రాయాలి. నాన్న చెప్పిన రెండో కాగితం. కార్డులు కొనిపెట్టుకున్నాను కూడా. ఏమని రాస్తాను? మీ సాయం అందింది అని రాయడం నాకు చేతనవును. అందలేదు అని రాయడం ఎవరూ నేర్పలేదు. కార్డులు బీరువాలో అలాగే ఉండిపోయాయి. ఆదివారాలు నడుస్తూనే ఉన్నాయి, వేరే పిల్లలు వస్తూనే ఉన్నారు. గొడుగు పిల్ల కాగితం మాత్రం పంచడం ఆపేశాను. ఇంకో కాగితం రాయలేకపోయాను.

వరికోతలయ్యాక మేనమామ మళ్ళీ ఫోను చేశాడు. పిల్ల రాయి నిలబెట్టారు, పెద్దమ్మను ఒకసారి రమ్మంటోంది దాని తల్లి, అన్నాడు. ఆ పల్లెల్లో పోయినవాళ్ళ గుర్తుగా దారి పక్కన రాయి నిలబెడతారు. ఇప్పుడు చాలాచోట్ల సిమెంటు పలకలు వచ్చాయి. వాటి మీద రంగులతో ఆ మనిషి బొమ్మ వేయిస్తారు. పక్కన ఆ మనిషికి ఇష్టమైనవి, సైకిలో, రేడియోనో, చేతి గడియారమో. కింద పేరు.

డంపరాయనకు చెప్పాను. "నాకు సూసే ధైర్యం లేదండి" అన్నాడు. కానీ నేను బయల్దేరే రోజు బస్టాండుకు వచ్చి పొట్లం చేతికిచ్చి వెళ్ళాడు. వంటామె తోడొచ్చింది. బీజాపూర్‌లో ఆ రోజు సంత. జీపు నిండా మనుషులూ కోళ్ళూ. రోడ్డు దిగి నడిచి వాగు దాటాం. చీలమండలు మునగని నీళ్ళు. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుంటే చాలింది. నడిమధ్యలో నేను ఆగిపోతే వంటామె చెయ్యి పట్టుకుని లాగింది.

రాయి అవతలి ఒడ్డునే ఉంది, మంచం దించిన చోటనే.

దూరం నుంచే పోల్చుకున్నాను. నేను వేయించిన కాగితమే మనిషంత ఎత్తున నిలబడి ఉంది. పిల్ల, మెడలో తల్లి పూసలు, భుజం మీద గొడుగు. మా కాగితం ఒకే రంగులో అచ్చయింది కనుక గొడుగు పసుపుపచ్చన వేశాడు. నా గొడుగు నీలం. పక్కన చేప ఒకటి, చేతి గడియారం ఒకటి. దగ్గరికి వెళ్ళాక కింద అక్షరాలు కనిపించాయి. తెలుగు అక్షరాలు, గుండ్రంగా, పొందిగ్గా. మళ్ళొస్త. మీరుంటరు గదా. ఆ కింద చిన్నగా, ప్రతి నెలా మొదటి ఆదివారం, ఆస్పత్రి వరండా.

బొమ్మ వేసినతను అక్కడే రంగు డబ్బాలు సర్దుకుంటున్నాడు. వంటామె అడిగితే ఆ ప్రాంతపు హల్బీ భాషలో చెప్పాడు. ఆ పిల్లకున్న ఒకే ఒక ఫోటో అదట. ఇందులో ఎట్లుందో అట్లనే వెయ్యమన్నారట. అందుకని ఏదీ వదల్లేదు. తాను హిందీలో పేర్లు చూసి వేస్తాడు కానీ ఈ లిపి ఎరగడు. మొహం కంటే అక్షరాలకే ఎక్కువసేపు పట్టిందన్నాడు. ఊళ్ళో బడి హిందీది, తెలుగు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. రాళ్ళ మీద కింద రాసేది పేరే కాబట్టి అది పేరేనని అందరూ అనుకున్నారు. చూడ్డానికి వచ్చిన ఒక ముసలమ్మ, "ఇంత పిల్లకు ఇంత పొడుగు పేరేందే" అంటోంది.

తల్లి నా చెయ్యి పట్టుకుని రాయి ముందుకు తీసుకెళ్ళింది. బాగా చిక్కిపోయింది. ఏడవలేదు.

"సదువక్కా. నా బిడ్డ పేరు ఎట్ల రాసిండో సదువు. ఇంటం."

పదిమంది దాకా చుట్టూ నిలబడ్డారు. పిల్ల పేరు పలికేస్తే సరిపోయేది. ఎవరికీ తెలియదు. పలుకుదామనే నోరు తెరిచాను. కానీ ఆ పిల్ల నా ఎదురుగా నిలబడి ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"మళ్ళొస్త. మీరుంటరు గదా."

ఎవరికీ తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది. అది వాళ్ళ మాట. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి రాయి వైపే చూస్తూ, "అది అట్లనే అంటది" అంది. చెట్టు కింది నేల చూపించింది.

"ఈడ మంచం మీద గూడ అడిగిందక్కా. వాళ్ళుంటరానే అన్నది. ఉంటరు బిడ్డా, అందరుంటరు అన్న. దానికి చెప్పిన గానీ నాకెరుక లేదు." నా వైపు తిరిగింది. "ఉన్నరా అక్కా?"

"ఉన్నారమ్మా. వరండా పట్టనంతమంది ఉన్నారు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఉన్నారు."

అప్పుడు ఏడ్చింది. నా భుజం మీద తల పెట్టి, చప్పుడు లేకుండా. నేనూ ఏడ్చాను.

సంగతి తెలిసి బొమ్మలతను గాభరాపడ్డాడు. రంగు కొట్టేసి పేరు రాసిస్తానన్నాడు, మళ్ళీ ఏమీ తీసుకోనన్నాడు. తల్లి వద్దని తల ఊపింది. పేరు తాము మర్చిపోయేది కాదని, ఇదే ఉండనిమ్మని చెప్పింది. నేను ఆమెను ఇంకొకటి కూడా అడిగాను. పిల్ల బొమ్మ ఉన్న కాగితం పంచడం ఆపేశానని, ఇంక ఎప్పటికీ ఆపేయమంటే ఆపేస్తానని. ఆమె రొండిన ఉన్న మడత తీసి చూసుకుంది. ఆ మడతల దగ్గర అచ్చు చెరిగిపోయింది.

"రాయి ఈన్నే నిలబడ్తదక్కా. కాగితమైతే తిరుగుతది. తిరగనియ్."

ఎండుచేపల పొట్లం విప్పి రాయి ముందు ఆకులో పెట్టాను. పూసల మీద, గొడుగు మీద ఇంకా రంగు వాసన వస్తోంది. వచ్చిన దారినే వాగు దాటి వచ్చేశాం.

ఇంటికొచ్చాక బీరువాలోంచి కార్డులు తీశాను. ఆ రోజు వరండాకు వచ్చినవాళ్ళందరికీ, రక్తం ఇచ్చినవాళ్ళకూ ఇవ్వనివాళ్ళకూ, ఒకటే రాశాను. ఆ రోజు మీరున్నారు. పిల్ల తల్లి అడిగితే ఉన్నారని చెప్పాను. ధన్యవాదాలు. ఇంతకంటే రాస్తే నాన్న కొట్టేస్తారు. ఒక్కో కార్డు రాస్తూ ఒక్కో మొహం గుర్తుచేసుకున్నాను. అవన్నీ రాయడం పూర్తయ్యాక దీపం ముందు కూర్చుంటే నోట మాట వచ్చింది, చిన్నగా.

డంపరాయన కార్డు నేనే తీసుకెళ్ళాను, గేటు దగ్గరకు, డ్యూటీ ఎక్కేవేళకు. అతను నిలబడి చదివాడు. ఒకసారి చదివి, ఇంకోసారి చదివి, చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. ఎర్ర దుమ్ములో సైకిళ్ళూ మోటారుసైకిళ్ళూ మమ్మల్ని తప్పించుకుని లోపలికి పోతున్నాయి.

"చేపలెట్టారేటండి?"

పెట్టానన్నాను.

"పక్కన నీళ్ళెట్టారా? ఉప్పు చేపలు గదా, పిల్లకి దాహమేస్తాది."

సైరను మోగింది. అతను నా జవాబు కోసం ఒక్క క్షణం ఆగి, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. పక్కనే వాగుందని అతనికి చెప్పలేకపోయాను.